బ్రిడ్జ్ పార్ట్‌నర్‌తో బిడ్డింగ్ ముందే మాట్లాడుకోవడం ఎలా

బ్రిడ్జ్ ఇద్దరిద్దరు జట్లుగా ఆడే పేకాట; ఎన్ని పట్లు గెలుస్తామో, ఏది తురుపో ఆటకి ముందు వంతులవారీగా పలకడమే బిడ్డింగ్. కొత్త పార్ట్‌నర్ దొరగ్గానే అందరం ఫోన్లో అడిగేది ఒకటే, "స్టేమన్, ట్రాన్స్‌ఫర్లు, బ్లాక్‌వుడ్ ఆడతారా?" అవతలివాళ్లు "ఆ, ఆడతామండీ" అంటారు, అంతటితో మాట అయిపోయిందనుకుంటాం. ఇవన్నీ కన్వెన్షన్లు, అంటే కొన్ని బిడ్లకి జట్టు ముందే ఒప్పుకున్న ప్రత్యేక అర్థాలు.

నేనూ అలాగే వెళ్లాను. బెంగళూరు జయనగర్‌లో మా వీధి చివర ఉండే మాస్టారు, గుంటూరులో లెక్కలు చెప్పి రిటైరై కొడుకు దగ్గరికి వచ్చారు, ఆయనే నా పార్ట్‌నర్. మొదటి రోజే ఆయన 1 నోట్రంప్ (తురుపు లేకుండా ఆడదామనే బిడ్) తెరిచారు, నా కుడిపక్కాయన డబుల్ (ఆ బిడ్‌ని సవాలు చేసే పలుకు) అన్నాడు. నా చేతిలో ఐదు ఆటీన్లు, పాయింట్లు (ఆసు, రాజు లాంటి పెద్ద ముక్కల విలువ) దాదాపు లేవు. ట్రాన్స్‌ఫర్ కదా, డైమండ్స్ అంటే పార్ట్‌నర్ ఆటీన్లు పలకాలి కదా అని 2 డైమండ్స్ అన్నాను. మాస్టారు పాస్! నాకు డైమండ్లు రెండు, ఆయనకు మూడు, మిగతా ఎనిమిదీ వాళ్ల దగ్గరే. ఆట అయ్యాక "నాది ట్రాన్స్‌ఫర్ కదండీ మాస్టారూ" అంటే, "డబుల్ వచ్చాక కూడానా అమ్మా?" అన్నారు. తప్పు ఎవరిదీ కాదు, ఆ ఒక్క ప్రశ్న మేం ముందు వేసుకోలేదు.

కాబట్టి కన్వెన్షన్లు తక్కువ పెట్టుకోండి, కానీ ఒక్కోటీ చివరిదాకా మాట్లాడుకోండి. మొదట పునాది: 1 నోట్రంప్‌కి 15–17 పాయింట్లా, 12–14లా? ఇస్పేటు, ఆటీను తెరవాలంటే ఐదు ముక్కలు ఉండాలా, నాలుగు చాలా? 2 కళావరు అంటే బలమైన చెయ్యేనా, మిగతా రెండో స్థాయి బిడ్లు ఆరు ముక్కల బలహీనమైన చేతులా? ఇవి పది నిమిషాల్లో తేలిపోతాయి.

అసలు టైమ్ పెట్టాల్సింది ప్రత్యర్థులు మధ్యలో దూరినప్పుడు ఏం చెయ్యాలన్న దాని మీద. నోట్రంప్‌ని డబుల్ చేస్తే మన పద్ధతి అలాగే ఉంటుందా, మారుతుందా? వాళ్లు 2 ఇస్పేట్లు అంటే మన డబుల్‌కి అర్థమేంటి? పార్ట్‌నర్ ఒక సూట్ తెరిచాక వాళ్లు ఓవర్‌కాల్ చేస్తే (పైన తమ బిడ్ పలికితే) నెగెటివ్ డబుల్, అంటే పలకని సూట్లు నా దగ్గరున్నాయని చెప్పే డబుల్, ఏ స్థాయి దాకా?

4 నోట్రంప్ (ఎన్ని ఆసులున్నాయని పార్ట్‌నర్‌ని అడిగే బ్లాక్‌వుడ్ బిడ్) దగ్గర మరీ జాగ్రత్త. కీకార్డ్ బ్లాక్‌వుడ్‌లో నాలుగు ఆసులతో పాటు తురుపు రాజునీ లెక్కపెడతాం. జవాబుగా 1430 పద్ధతిలో 5 కళావరు అంటే ఒకటి లేదా నాలుగు, 3014లో సున్నా లేదా మూడు. ఒకరు ఒకటి, ఇంకొకరు రెండోది అనుకుంటే స్లామ్ (పదమూడు పట్లలో పన్నెండో, అన్నీనో గెలుస్తామనే బిడ్) గల్లంతే. తురుపు ఏదో తేలకముందే ఎవరైనా 4 నోట్రంప్ అంటే ఏ సూట్ లెక్క అన్నది కూడా రాసుకోండి, చివరగా పలికిన సూట్ అని పెట్టుకుంటే తేలిక.

ఒప్పందాలు దాచుకునేవి కావు. ప్రత్యర్థి అడిగితే చెప్పాలి, టోర్నమెంట్‌లో కన్వెన్షన్ కార్డు నింపి పెట్టాలి. పార్ట్‌నర్ బిడ్ తేడాగా అనిపించినా మొహంలో చూపించకూడదు, అది రూల్ కూడా.

మేమిప్పుడు ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ పేక పంచుకుని, ఆడకుండా ఒట్టి బిడ్డింగే చేస్తాం, ఇరవై చేతులు. ఎక్కడ ఇద్దరి అర్థాలూ వేరయ్యాయో అక్కడ ఆగి చిన్న నోట్‌బుక్‌లో రాస్తాం. టేబుల్ దగ్గర మాత్రం వాదించుకోం, గొడవేదైనా ఆట అయ్యాకే. నోట్‌బుక్ మొదటి పేజీలో మాస్టారి చేతిరాతతో ఉన్న లైను: "డబుల్ వచ్చినా ట్రాన్స్‌ఫరే."