నలుగురికి ఏ పద్ధతి, నలభైమందికి ఏ పద్ధతి: టీము పరిమాణాన్ని బట్టి ఎజైల్ ఎంపిక

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు సాఫ్ట్‌వేర్ పని పెట్టుకున్న టీములు, నేను చూసినంతవరకు, ఇద్దరు ముగ్గురితో మొదలై, నలుగురి దగ్గర కొన్నేళ్లు నిలిచి, ఒక పెద్ద ఆర్డరు చేతికి రాగానే తొమ్మిదికో పదికో చేరతాయి. పని నడిపే పద్ధతికి మాత్రం ఈ లెక్కతో సంబంధం ఉండదు. హైదరాబాదులోనో భువనేశ్వర్‌లోనో పెద్ద కంపెనీలో నాలుగేళ్లు చేసి వచ్చినవారు అక్కడి మీటింగులనూ, హోదాలనూ, పట్టికలనూ ఉన్నవి ఉన్నట్టుగా తెచ్చి ఇక్కడ దింపుతారు. పెళ్లి పందిట్లో గాడిపొయ్యి మీద పెట్టే గుండిగలో నలుగురికి అన్నం వండబోతే ఏమవుతుందో అదే ఇక్కడా అవుతుంది.

సాఫ్ట్‌వేర్ పనిని చిన్న విడతలుగా చేసి, చూపించి, సరిదిద్దుకుంటూ సాగే ఎజైల్ అన్నది ఒకే పద్ధతికి పేరు కాదు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది సమావేశమై ఒప్పుకున్న నాలుగు విలువల మీద, ఆ తరువాత రాసుకున్న 12 సూత్రాల మీద ఆధారపడే పద్ధతులన్నిటికీ అది ఉమ్మడి పేరు. అందులో మీకు ఏది సరిపోతుందో తేల్చుకోవడానికి ముందుగా తలలు లెక్కపెట్టండి. జీతం తీసుకునేవారితో పాటు, రోజూ ఒక మాట చెబితే తప్ప పని కదలని ప్రతివారినీ అందులో చేర్చండి. ఆ సంఖ్యను దానికన్నా ఒకటి తక్కువైన సంఖ్యతో గుణించి సగం చేస్తే, ఎన్ని జంటల మధ్య మాట నడవాలో తెలుస్తుంది. నలుగురైతే 6, తొమ్మిదిమందైతే 36, పదిహేనుమందైతే 105. మనుషులు నాలుగింతలు కాకముందే మాటల దారులు పదిహేడింతలు దాటిపోయాయి. ఆ తరువాత, పని మీ దగ్గరికి ఎలా వస్తోందో చూసుకోండి. ఫోన్ల మీద పూటకొకటిగా వచ్చి పడుతోందా, లేక ఫలానా నెలకు ఫలానాది ఇస్తామన్న ఒప్పందంగా వస్తోందా? ఈ రెండూ తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే.

నలుగురూ, అంతకు తక్కువమందీ ఉండి, ఎక్కువ పని ఫోన్ల మీద వచ్చేదైతే కాన్‌బాన్‌ను మించినది లేదని నా అభిప్రాయం. జపాన్‌లో టొయోటా కార్ల కర్మాగారంలో తైచీ ఓనో నడిపిన కార్డుల ఏర్పాటు దీనికి మూలం. దానిని సాఫ్ట్‌వేర్ పనికి అనువుగా మలిచినవారిలో డేవిడ్ ఆండర్సన్ ముఖ్యుడు. గోడకు ఒక చార్టు అంటించి 'చేయాలి', 'చేస్తున్నాం', 'చూస్తున్నాం', 'అయింది' అని నాలుగు గడులు గీసి, ఒక్కో పనికి ఒక్కో కార్డు పెడితే పైకి కనబడే భాగం పూర్తవుతుంది. అసలు ప్రాణం హద్దులో ఉంది. 'చేస్తున్నాం' గడిలో నలుగురికి మూడు కార్డులకు మించి ఉండకూడదని రాసుకోండి. నాలుగో మనిషి ఖాళీగా ఉంటే కొత్త కార్డు తీయకుండా, పక్కవారిది పూర్తి చేయడానికి చేయి వేయాలి. యజమానులకు ఇది మింగుడుపడదు. వారికి ఈ లెక్క చూపండి: చేతిలో 12 పనులుండి వారానికి 3 పూర్తవుతుంటే, ఒక్కో పనికి సగటున నాలుగు వారాలు పడుతుంది. అదే వేగంతో, చేతిలో ఆరే ఉంచుకుంటే రెండు వారాలు పడుతుంది. అమెరికా ఆచార్యుడు జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఇదే. బ్యాంకు వరుసకైనా, మన బోర్డుకైనా అది ఒకేలా వర్తిస్తుంది.

కార్డు మీద ఏం రాయాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, మా టీములో ఎక్కువ తగువులు దాని దగ్గరే వచ్చాయి. జీడిపప్పు వ్యాపారుల బిల్లింగు ప్రోగ్రాముకు మేము మొదట 'తూకం మాడ్యూల్ మెరుగుదల' అని రాసేవాళ్లం. అది ఎప్పటికి అయినట్టో ఎవరికీ తెలిసేది కాదు. 'బిల్లులో ఖాళీ బస్తా బరువు తీసేయకుండానే తూకం పడుతోంది' అని రాయడం మొదలుపెట్టాక, అయిందో లేదో షాపు గుమాస్తా కూడా చెప్పగలిగాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో ఉంటూ, నోటితో అన్నది అన్నట్టే రాయాలని తెలుసుకోవడానికి మాకు ఏడాది పట్టింది. మరొక చిక్కు కూడా ఉంది. మాతో చక్కగా తెలుగు మాట్లాడే ఒడియా మిత్రులు తెలుగు లిపి చదవలేరు, మాలో సగంమంది ఒడియా లిపి చదవలేరు. చివరికి వాట్సాప్‌లో రాసుకున్నట్టుగా తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాలలో రాసి అతికించాం. చూడటానికి బాగుండదు, కానీ అందరూ చదువుతారు.

టీము అయిదుగురి నుంచి పదిమంది దాకా ఉండి, నెలల తరబడి సాగే ఒప్పందపు పని ఉంటే పనిని నిర్ణీత గడువులుగా విడగొట్టి నడిపే స్క్రమ్ వైపు వెళ్లండి. కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ 1995లో లోకం ముందుంచిన ఈ పద్ధతికి వారే రాసిన మార్గదర్శిలోని 2020 నాటి ప్రతి, టీము సాధారణంగా పదిమందికి మించదని చెబుతుంది. ఒక విడత పనికి పెట్టుకునే గడువును స్ప్రింట్ అంటారు, అది నెల దాటకూడదు. కొత్తవారికి రెండు వారాలు సరిపోతుంది. రోజువారీ మీటింగు 15 నిమిషాలే. నెల స్ప్రింట్‌కు ఏం చేయాలో తేల్చుకునే ప్లానింగ్ ఎనిమిది గంటలు, అయినది చూపించే రివ్యూ నాలుగు, వెనుదిరిగి చూసుకునే రెట్రో మూడు గంటలు మించకూడదు. రెండు వారాల స్ప్రింట్‌కు అందులో సగం చాలు. ఏ పని ముందో, ఏది వెనుకో చెప్పే ప్రొడక్ట్ ఓనర్ ఒక్కరే ఉండాలి. మన ఊళ్లలో స్క్రమ్ దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. యజమాని ఒకటి, ఆయన తమ్ముడు ఒకటి, పెద్ద కస్టమరు నేరుగా ఫోన్ చేసి ఇంకొకటి చెబుతుంటే స్ప్రింట్ పేరుకే మిగులుతుంది. పద్ధతి సరిగా నడిచేలా చూసే స్క్రమ్ మాస్టరు కోసం ఆరుగురి టీములో వేరే మనిషిని పెట్టుకోనక్కరలేదు, డెవలపర్లలో ఒకరు ఆ బాధ్యత మోయగలరు.

స్ప్రింట్ తేదీలు వేసేటప్పుడు ఒడియా, తెలుగు క్యాలెండర్లు రెండూ ముందు పెట్టుకోండి. జూన్ మధ్యలో ఒడియావారి రజ పండుగ మూడు రోజులు సాగుతుందని తెలిసి కూడా, మేమొక ఏడు మామూలు రెండు వారాల పనినే ఒప్పుకున్నాం. ఏడుగురిలో నలుగురు ఊళ్లకు వెళ్లారు, 20 కార్డులలో 9 మాత్రమే పూర్తయ్యాయి. జనవరిలో సంక్రాంతికి ఆంధ్రలోని పాతపట్నం వైపువారు ఇలాగే ఖాళీ చేస్తారు. అప్పటినుంచి కార్డులను ఒప్పుకునేముందు ఆ రెండు వారాలలో ఎవరు ఎన్ని రోజులు ఉంటారో కూడి, ఆ మొత్తానికి తగినన్నే తీస్తున్నాం.

కొత్త పనీ, ఫోన్ల మీద వచ్చే మరమ్మతులూ కలగలిసి ఉంటే స్క్రమ్ లయలో కాన్‌బాన్ హద్దును కలిపిన స్క్రమ్‌బాన్ ఉంది. దాని గురించి ఇంతకన్నా చెప్పవలసింది లేదు. కెంట్ బెక్ 1990లలో క్రైస్లర్ కంపెనీ జీతాల ప్రోగ్రాము మీద పనిచేస్తూ రూపుదిద్దిన ఎక్స్‌పీ (ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్) సంగతి వేరు. ఇద్దరు ఒకే కంప్యూటరు ముందు కూర్చుని రాయడం, ముందు టెస్టు రాసి తరువాత కోడు రాయడం, మార్పులను చిన్నచిన్న ముక్కలుగా వెంటవెంటనే కలపడం అందులోని అలవాట్లు. వీటిని కాన్‌బాన్, స్క్రమ్‌లలో దేనికైనా జోడించవచ్చు. గాలివానకు కరెంటు పోయే మా వైపు, చిన్న ముక్కలుగా కలపడం ఒక్కటే చాలా పనిని కాపాడింది.

పదకొండు నుంచి పదిహేనుమంది దాకా ఉన్నప్పుడే అసలు ఇబ్బంది. ఒక టీముగా బరువెక్కువ, రెండుగా చీల్చడానికి మనసొప్పదు. చీల్చండి. అయితే ఎలా చీల్చాలన్నది జాగ్రత్తగా చూడాలి. సంస్థలో మాట ఏ గీతల మీద నడుస్తుందో ప్రోగ్రాము కూడా ఆ గీతల మీదే తయారవుతుందని కంప్యూటరు శాస్త్రవేత్త మెల్విన్ కాన్వే 1968లోనే రాశాడు. డేటాబేసువారు ఒకవైపు, స్క్రీన్లు చేసేవారు ఒకవైపు అని విడదీస్తే ప్రతి మార్పూ ఇద్దరి గుమ్మాలూ తొక్కాలి. బిల్లింగు ఒక టీముకు, సరుకు నిల్వలు ఇంకొక టీముకు అని కస్టమరు పనిని బట్టి విడదీయండి. ఒడియావారు ఒకటి, తెలుగువారు ఒకటి అన్న విభజన తేలికగా కనిపిస్తుంది, దాని జోలికి వెళ్లకండి. చేయవలసిన పనుల జాబితా అయిన బ్యాక్‌లాగ్ మాత్రం రెండు టీములకూ ఒకటే ఉండాలి, ప్రొడక్ట్ ఓనరూ ఒక్కరే ఉండాలి. వారానికి రెండుసార్లు టీముకొకరు చొప్పున కూర్చుని అరగంట మాట్లాడుకుంటే రెండు మూడు టీములకు సరిపోతుంది.

అంతకు మించితే ఎక్కువ టీములను కలిపి నడపడానికి ఏర్పాటు చేసిన చట్రాలున్నాయి. నెక్సస్ మూడు నుంచి తొమ్మిది స్క్రమ్ టీములకూ, లెస్ రెండు నుంచి ఎనిమిది టీములకూ ఉద్దేశించినవి. సేఫ్‌లో కలిసి పనిచేసే టీముల గుంపైన ఒక రిలీజ్ ట్రెయిన్ అంటేనే 50 నుంచి 125 మంది. నలభైమంది నాలుగైదు టీములుగా ఉన్నవారు, హోదాలను తక్కువగా పెట్టే లెస్‌ను ముందుగా పరిశీలించడం మంచిదని నాకు తోస్తుంది. మీ టీము చిన్నదే అయినా, పెద్ద కంపెనీకి సబ్ కాంట్రాక్టు చేస్తుంటే, 8 నుంచి 12 వారాలకోసారి వచ్చే వారి సేఫ్ ప్లానింగ్‌కు మిమ్మల్ని పిలవవచ్చు. వెళ్లి తేదీలు ఒప్పుకోండి. ఇంటికి వచ్చాక గోడమీది బోర్డునే కొనసాగించండి.

ఏది ఎంచుకున్నా మూడు నెలలపాటు మార్చకుండా నడపండి. కార్డు తీసిన రోజు నుంచి కస్టమరు చేతికి అందేదాకా పట్టిన రోజులనూ, అయిందనుకున్నాక తిరిగి వచ్చిన కార్డుల సంఖ్యనూ వారం వారం బోర్డు అడుగున రాయండి. రోజులు పెరుగుతుంటే చేతిలో ఉన్న పనుల హద్దును ఒకటి తగ్గించండి. తిరిగివచ్చేవి పెరుగుతుంటే 'చూస్తున్నాం' గడిలో పని చేసినవారు తప్ప వేరొకరు కూర్చునేలా చూడండి. రెండూ తగ్గకుండా మీటింగుల గంటలు మాత్రం పెరుగుతుంటే, ముందుగా మళ్లీ తలలు లెక్కపెట్టండి.