వడ్డీ రేట్లు పెరిగితే బ్యాంకు మూలధనంలో ఎంత కరుగుతుంది? మీరే లెక్కగట్టండి

బ్యాంకు వార్షిక నివేదిక, కాలిక్యులేటర్ చాలు. 2023 మార్చి 10న మూతపడ్డ అమెరికా సిలికాన్ వ్యాలీ బ్యాంకు అంకెలతో చేసి చూద్దాం. దాన్ని ముంచింది మొండి బాకీలు కాదు, ఎగవేత భయం దాదాపు లేని ప్రభుత్వ తరహా బాండ్లు. అందుకే ఈ లెక్క అందరికీ రావాలి.

ముందు ఒక్క బాండు పట్టుకోండి. ముఖవిలువ 100, ఏటా 2 శాతం వడ్డీ, గడువు 10 ఏళ్లు. కొత్త బాండ్లు 5 శాతం ఇస్తుంటే దీన్ని 100కి ఎవరూ కొనరు. మొదటి ఏడాది వడ్డీని 1.05తో, రెండో ఏడాదిదాన్ని 1.05 × 1.05తో, ఇలా పదో ఏడాది వరకూ భాగించండి. చివర్లో వచ్చే అసలునూ పదో ఏడాది వడ్డీతో పాటే భాగించి, అన్నీ కూడండి. 76.83 వస్తుంది. గడువు ఒక్క ఏడాదే మిగిలితే 97.14. వడ్డీ ఒకటే, రేటు ఒకటే. తేడా అంతా గడువులోనే ఉంది.

ఇప్పుడు బ్యాలెన్స్ షీటు తీయండి. 'హెల్డ్ టు మెచ్యూరిటీ' అన్న వరుస వెతకండి. గడువుదాకా అట్టిపెట్టుకుంటామని చెప్పిన బాండ్లు అక్కడ కొన్న ధర లెక్కలోనే ఉంటాయి. ఈ బ్యాంకుకు 2022 చివర అవి దాదాపు 9,130 కోట్ల డాలర్లు. పక్కనే బ్రాకెట్లో మార్కెట్ విలువ: సుమారు 7,620 కోట్లు. తేడా 1,500 కోట్లు దాటింది. మొత్తం మూలధనం 1,600 కోట్లే.

రేటు ఇంకో శాతం పెరిగితే? ఆ బాండ్ల సగటు డ్యూరేషన్ (రేటు మారితే విలువ ఎంత కదులుతుందో చెప్పే కొలత) 6.2 ఏళ్లు, అంటే దాదాపుగా విలువలో ఇంకో 6.2 శాతం పోతుంది. దీన్ని మార్కెట్ విలువకే వేయాలి, కొన్న ధరకు కాదు: దాదాపు 470 కోట్లు.

ఎక్కువమంది తప్పేది 'అవైలబుల్ ఫర్ సేల్', అంటే గడువుకు ముందే అమ్మే వీలుంచుకున్న బాండ్ల దగ్గర. వీటి నష్టం షేర్‌హోల్డర్ల నిధిలో ముందే తగ్గించి ఉంటుంది, మళ్లీ తీసేస్తే రెండుసార్లు లెక్కించినట్టే. వడ్డీ స్వాప్‌లు (రేట్లు పెరిగితే నష్టాన్ని పూడ్చే రక్షణ ఒప్పందాలు) ఉంటే వాటి లాభం కలపండి. ఈ బ్యాంకు తన స్వాప్‌లలో చాలావరకు 2022లోనే వదిలించుకుంది. స్థిర వడ్డీ రుణాల విలువా పడుతుంది, వార్షిక నివేదిక నోట్స్‌లో చూడండి.

తర్వాత డిపాజిట్లు. ఇదే అసలు ఘట్టం. డిపాజిటర్లు కదలకుండా ఉంటే కాగితం నష్టం గడువుతో పాటు తీరిపోతుంది. కదిలితే అమ్మక తప్పదు, నష్టం నిజమవుతుంది. కాబట్టి బీమా పరిమితి దాటిన డిపాజిట్ల వాటా చూడండి. అమెరికాలో పరిమితి 2,50,000 డాలర్లు, ఈ బ్యాంకులో 90 శాతానికి పైగా దాన్ని మించినవే. మార్చి 8న 2,100 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మి 180 కోట్లు నష్టపోయామని బ్యాంకు ప్రకటించింది. మర్నాడు ఒక్కరోజే 4,200 కోట్లు బయటికి పోయాయి.

మన బ్యాంకులకైతే డిపాజిట్ బీమా 5 లక్షల రూపాయల వరకే. వాటి వెబ్‌సైట్లలో బాసెల్ పిల్లర్ 3 పత్రాలు (అంతర్జాతీయ బ్యాంకింగ్ నిబంధనల ప్రకారం రిస్కుల గురించి వెల్లడించేవి) ఉంటాయి. అందులో 'బ్యాంకింగ్ బుక్ వడ్డీ రేటు రిస్క్' శీర్షిక కింద, రేట్లు మారితే ఆదాయం మీద, మూలధనం విలువ మీద పడే ప్రభావం చూడండి. ఆ రెండో మొత్తాన్ని మూలధనంతో భాగించి, గత ఏడాది శాతంతో పోల్చండి.