ఇంట్లో బీపీ సరిగ్గా చూసుకోవడం ఎలా?

కోపం వస్తే "నాకు బీపీ తెప్పించకు" అంటాం. ఆ మాట వల్లే కాబోలు, నెమ్మదస్తులకు బీపీ రాదని, వస్తే తల తిరిగి తెలిసిపోతుందని చాలామంది అనుకుంటారు. బీపీ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు. చూసుకుంటేనే తెలుస్తుంది. 30 ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ ఉచితంగానే చూస్తారు, ఊళ్లో అయితే ఆశా కార్యకర్తను అడగండి. ఇంట్లో మిషన్ ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లు చూసుకుంటారు, కాకపోతే తప్పుగా చూసుకుంటారు.

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. మిషన్ కొన్న కొత్తలో మా నాన్న కూరగాయల సంచులు మోసుకొచ్చి, మంచం అంచున కాలు మీద కాలేసుకుని, ఫోన్‌లో బాబాయితో పొలం గట్టు తగాదా మాట్లాడుతూనే బటన్ నొక్కారు. 164/96. ఇంటిల్లిపాదికీ టెన్షన్. మర్నాడు పొద్దున కుర్చీలో కుదురుగా కూర్చోబెట్టి చూస్తే 136/84. "మిషన్ పాడైంది, వెనక్కిచ్చేయ్" అన్నారాయన. మిషన్‌కి ఏమీ కాలేదు.

ముందు మిషన్ సంగతి

జబ్బకు పట్టీ చుట్టే ఆటోమేటిక్ మిషన్ తీసుకోండి. మణికట్టుకు పెట్టుకునేవి చేయి కాస్త పైకో కిందికో జరిగితే చాలు, అంకె మార్చేస్తాయి. కొనే ముందు టైలర్ టేపుతో జబ్బ మధ్యలో చుట్టుకొలత చూసుకుని, పట్టీ మీద రాసున్న సెంటీమీటర్లతో సరిపోల్చండి. లావు చేతికి చిన్న పట్టీ బిగిస్తే లేని బీపీ కూడా కనిపిస్తుంది. గుండె లయ తప్పే జబ్బు ఉన్నవాళ్లకు ఈ మిషన్లు ఒక్కోసారి తప్పు చూపిస్తాయి కాబట్టి వాళ్లు డాక్టర్‌ని అడిగి కొనడం మేలు.

కూర్చోవడమే అసలు పని

చూసుకునే ముందు అరగంట పాటు కాఫీ, టీ, సిగరెట్, వాకింగ్ ఏవీ వద్దు. మూత్రానికి వెళ్లి రండి. నవ్వుకుంటారేమో గానీ, ఆపుకుని కూర్చుంటే బీపీ నిజంగానే పెరుగుతుంది. తర్వాత వీపుకు ఆనుకునే కుర్చీలో అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. పాదాలు రెండూ నేలకు ఆనాలి. నేల మీద బాసింపట్టు వేసుకుని చూసుకోవడం మన ఇళ్లలో మామూలే, కానీ ఇక్కడ అది పనికిరాదు.

చేయి గుండె ఎత్తులో ఉండాలి, ఏదో ఒకదాని మీద ఆనుకుని ఉండాలి. పక్కన టేబుల్ లేకపోతే స్టూలు మీద రెండు దిండ్లు పేర్చుకోండి. చేయి గుండెకన్నా 10 సెంటీమీటర్లు కిందికి వేలాడితే 7, 8 పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. 132 ఉన్న మనిషి ఉత్తపుణ్యానికి 140 అయిపోతాడు.

పట్టీని చర్మం మీదే కట్టాలి, చొక్కా మీద కాదు. చొక్కా చేతిని పైకి మడిచినా ఆ మడత జబ్బను నొక్కేస్తుంది. ఆడవాళ్లకు బిగుతు జాకెట్టుతో ఇదే ఇబ్బంది, నైటీలో ఉన్నప్పుడు చూసుకోవడం తేలిక. పట్టీ కింది అంచు మోచేతి మడతకు రెండు వేళ్ల వెడల్పు పైన ఉండాలి. కట్టాక దాని కింద రెండు వేళ్లు దూరాలి. గొట్టం మోచేతి లోపలి వైపు వచ్చేలా చూసుకోండి.

ఇక బటన్ నొక్కండి. నోరు మాత్రం మూసుకోవాలి. పట్టీ ఊదుకుంటుంటే పక్కవాళ్లు "ఎంతొచ్చింది, ఎంతొచ్చింది" అంటారు, వాళ్లకూ జవాబు చెప్పకూడదు. మాట్లాడితే అంకె పెరుగుతుంది. టీవీ కూడా కట్టేయండి.

ఒక్కసారి చూసి వదిలేయొద్దు. ఒక నిమిషం ఆగి రెండోసారి చూసి రెండూ రాయండి. బాగున్న అంకె రాసి, బాగాలేనిది మిషన్ మీదకు నెట్టేస్తే ఎవరిని మోసం చేస్తున్నట్టు? మొట్టమొదటిసారి రెండు చేతులకూ చూడండి. ఎప్పుడు చూసినా 10కి పైగా తేడా వస్తుంటే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పి, ఇకపై ఎక్కువ వచ్చే చేతికే చూసుకోండి.

ఏడు రోజుల లెక్క

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు వారం రోజులు, పొద్దున రెండుసార్లు, రాత్రి రెండుసార్లు చూడండి. పొద్దున అయితే టిఫిన్, బీపీ మాత్ర కంటే ముందే. మొదటి రోజు అంకెలు కొట్టేసి మిగతా ఆరు రోజులవి సగటు తీయండి. పైది 135 లేదా కిందిది 85 చేరితే, రెండిట్లో ఏ ఒక్కటి చేరినా, డాక్టర్‌కి చూపించాల్సిందే. ఆసుపత్రిలో 140/90 కదా అంటారా? అక్కడ చాలామందికి కాస్త ఎక్కువే వస్తుంది, అందుకే ఇంటి లెక్క తక్కువ. కొందరికి తెల్లకోటు చూస్తేనే పెరుగుతుంది. ఇంకొందరికి ఆసుపత్రిలో మామూలుగా ఉండి ఇంట్లో ఎక్కువ ఉంటుంది. ఈ రెండోవాళ్లను పట్టించేది ఇంటి మిషనే.

అంకె బాగుంది కదా అని మాత్ర మానేయొద్దు. ఆ మాత్ర వేసుకోబట్టే అది బాగుంది. ఎక్కువ వచ్చిందని సొంతంగా ఇంకో మాత్ర మింగడమూ తప్పే.

180/120 దాటితే కంగారు పడకుండా అయిదు నిమిషాలు కూర్చుని మళ్లీ చూడండి. అప్పుడూ అంతే ఉంటే అదే రోజు డాక్టర్‌తో మాట్లాడండి. దాంతోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, కాలో చెయ్యో పట్టు తప్పడం, చూపు మసకబారడం వీటిలో ఏదున్నా రెండోసారి చూస్తూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి.

ఆ వారంలోనే ఇంకో పని

కొత్త ఉప్పు ప్యాకెట్ కత్తిరించిన రోజు దాని మీద పెన్నుతో తేదీ వేయండి. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే సుమారు ఒక టీస్పూను, చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలన్నమాట. మా ఇంట్లో 31 రోజులకే అయిపోయింది, అదీ ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు లెక్కలోకి రాకుండా! సైంధవ లవణం వాడుతున్నాం, ఫరవాలేదు అనుకోకండి, అదీ దాదాపు అంతా సోడియం క్లోరైడే. పొటాషియం కలిపిన ఉప్పు మంచిదే గానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ముట్టకూడదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు అంకెల పుస్తకంతోపాటు మిషన్ కూడా సంచిలో వేసుకెళ్లండి. ఆయన మిషన్‌తో ఒకసారి, మీదానితో ఒకసారి చూడమని అడగండి. ఏడాదికోసారి ఇలా చేయిస్తే చాలు. కొత్త బ్యాటరీలు మాత్రం వెళ్లేముందే వేసుకోండి.