డక్ చెస్‌లో గుర్రాన్ని నమ్ముకోండి

మామూలు చదరంగానికి ఒక బాతు బొమ్మను కలిపి ఆడే ఆట డక్ చెస్. దీన్ని కొత్తగా ఆడేవాళ్లకు ఒక మాట. పావుల దారికి అడ్డంగా నిలిచే ఈ బాతు ఇద్దరిదీ. ఎవరైనా సరే, తమ ఎత్తు వేశాక దాన్ని మరో ఖాళీ గడిలోకి జరిపి తీరాలి. దాన్ని చంపడం కుదరదు. అందుకే దూరం నుంచి ఏనుగుతోనో శకటుతోనో రాజు మీద గురిపెడితే పెద్ద లాభం లేదు. ఎదుటివాళ్లు తమకిష్టమైన ఎత్తు వేసుకుని, తీరిగ్గా బాతును మధ్యలో పెట్టేస్తారు. గుర్రమైతే బాతు మీదుగా దూకేస్తుంది. రాజును ఆనుకుని మంత్రి నిలబడినా అంతే, అడ్డం పెట్టడానికి మధ్యలో గడే ఉండదు.

ఇందులో చెక్ చెప్పడం లేదు, రాజును నేరుగా చంపితేనే గెలుపు. కాబట్టి ఎత్తు వేసే ముందు ఎదుటి గుర్రాలు ఎక్కడున్నాయో చూసుకోండి. బాతు ధ్యాసలో పడి నేను రెండుసార్లు రాజును పోగొట్టుకున్నాను.