కొత్త దేశాల సంగీతానికి తెలిసిన దారి

‘వరల్డ్ మ్యూజిక్’ అని వెతికితే హోటల్ లాబీల్లో వేసే బాపతే ఎక్కువ తగులుతుంది. దానికంటే, తెలిసిన కళాకారుణ్ణి ఒకరిని పట్టుకుని, ఆయన ఎవరెవరితో కలిసి వాయించారో చూస్తూ పోండి. తీగ లాగితే డొంకంతా కదులుతుంది.

ఉదాహరణకి మోహనవీణ విశ్వమోహన్ భట్. 1993లో ఆయన ఆల్బమ్ వచ్చింది అమెరికన్ గిటారిస్టు రై కూడర్‌తో. మరుసటి ఏడే కూడర్, మాలి దేశపు అలీ ఫర్కా టూరేతో ఇంకోటి చేశాడు. టూరే నుంచి టుమానీ దియాబాతే వాయించిన పశ్చిమాఫ్రికా తీగవాద్యం కోరాకి ఒక్క అడుగే (నాకైతే అసలు మజా అక్కడే). కోరాకి 21 తీగలు. మీటేది రెండు బొటనవేళ్లు, రెండు చూపుడువేళ్లు. ఇయర్‌ఫోన్స్‌తో వినండి. కింద బాస్, పైన రాగం ఒక్క మనిషే వాయిస్తున్నాడని ఫోన్ స్పీకర్లో పట్టుకోలేం.