అడ్వాన్స్ అడిగితే చుట్టాల లెక్క: రెడ్ హెర్రింగ్‌ను పట్టుకోవడం ఎలా

తిరుపతి కొర్లగుంటలో అద్దె ఇల్లు ఖాళీ చేసి, అడ్వాన్స్ కోసం ఓనర్ దగ్గరికి వెళ్ళాను. కాఫీ ఇప్పించి, "పోయినేడు బ్రహ్మోత్సవాలకు మీ చుట్టాలు పదిమంది దిగలేదా సార్? ఒక్క మాటన్నానా?" అన్నారు. నేను వెర్రివాడిలా పదిమంది కాదు, ఏడుగురేనని వాదనకు దిగాను. అరగంట చుట్టాల లెక్క తేల్చి ఉత్త చేతులతో బయటపడ్డాను. పోటీ పరీక్షల పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవాడిని. ఆ పొద్దున బోర్డు మీద రాసిందే నా మీద పనిచేసింది: రెడ్ హెర్రింగ్, అంటే అసలు ప్రశ్న నుంచి దారి మళ్ళించే మాట.

హెర్రింగ్ సముద్రపు చేప. ఉప్పు బాగా పట్టించి పొగబెడితే ఎర్రబారుతుంది, ఘాటెక్కుతుంది. మనింట్లో ఎండుచేప వేయిస్తే వీధికంతా తెలిసినట్టే. దొంగలు కుక్కలను ఏమార్చడానికి దీన్ని వాడేవారని చెబుతుంటారు, నమ్మకండి. 17వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో దీన్ని నేల మీద ఈడ్చింది వేటకుక్కల వెంట పరిగెత్తడం గుర్రాలకు అలవాటు చేయడానికి. దారి మళ్ళించడమన్న అర్థాన్ని ప్రచారంలోకి తెచ్చింది విలియం కాబెట్ అనే పత్రికా రచయిత. చిన్నప్పుడు కుందేలు వెంటపడ్డ కుక్కలను ఈ చేపతో పక్కదారి పట్టించానని 1807లో రాశాడు. నెపోలియన్ ఓడిపోయాడన్న తప్పుడు వార్త వెంటపడి సొంత దేశం సమస్యలు మరిచిన పత్రికలను దెప్పడానికి ఆ కథ. అదీ కల్పితమేనంటారు పరిశోధకులు!

"రామాయణంలో పిడకలవేట" అని అర్థం రాస్తే నేను సగం మార్కులే వేస్తాను. పిడకలకు సంబంధం లేదని వినగానే తెలుస్తుంది. హెర్రింగ్‌కు సంబంధం ఉన్నట్టే వాసనొస్తుంది. అందుకే ఒక పరీక్ష పెట్టండి. అవతలివాళ్ళ మాట పూర్తిగా నిజమే అనుకోండి. మీ ప్రశ్నకు జవాబు మారుతుందా? గోడకు మేకులు కొట్టారంటే మారుతుంది, గుంతలు పూడ్చే ఖర్చు అడ్వాన్స్‌లో పట్టుకుంటారు. చుట్టాలు పదిమందైనా పాతికమందైనా రూపాయి మారదు. అలాంటిదాని మీద వాదించకండి, ఒప్పేసుకుని అదే ప్రశ్న అవే మాటల్లో మళ్ళీ అడగండి.

(డిటెక్టివ్ కథల్లో మన అనుమానమంతా మోసే అమాయకుణ్ణీ ఇలాగే అంటారు. అక్కడ హాయిగా మోసపోండి.)

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. "అవును సార్, పదిమందే వచ్చారు. అడ్వాన్స్ ఎప్పుడిస్తారు?" పై వాటా వాళ్ళు కరెంటు బిల్లు ఎగ్గొట్టారన్నారు. "పాపం సార్. అడ్వాన్స్ ఎప్పుడిస్తారు?" మూడోసారికి లోపలికెళ్ళి చెక్కుబుక్కు తెచ్చారు. మేకుల గుంతలకు ఐదొందలు పట్టుకున్నారు. కొట్టింది నేనే, కిక్కురుమనలేదు.