స్వచ్ఛ ఇంధన ఆవిష్కరణలకు ఊతమిచ్చే విధానాలను మదింపు వేయడం ఎలా?

హైదరాబాద్ రోడ్ల మీద విద్యుత్ స్కూటర్లు పెరిగాయి కాబట్టి ప్రభుత్వ విధానం ఫలించిందని తేల్చడం తేలిక. అయితే వాహనాల వాడకం పెరగడం వేరు, ఇక్కడి ప్రయోగశాలల్లోనూ కర్మాగారాల్లోనూ కొత్త సాంకేతికత పుట్టడం వేరు. విధాన పత్రం ఈ రెండింటిలో దేనిని ఆశించిందో ముందుగా విడదీసుకోవాలి. 2020 అక్టోబరులో తెలంగాణ ప్రకటించిన విద్యుత్ వాహనాలు, ఇంధన నిల్వ విధానం ఈ రెండింటినీ కోరింది. అందువల్ల రిజిస్ట్రేషన్ల లెక్క ఒక్కటే దానికి కొలబద్ద కాజాలదు.

పత్రికా ప్రకటనలతో సరిపెట్టుకోకుండా జీవోలను తేదీల వారీగా చదవాలి. తొలి విధానంలో రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపు ద్విచక్ర వాహనాల్లో మొదటి 2 లక్షలకే పరిమితం. 2024 నవంబరు ఉత్తర్వు ఆ పరిమితిని తొలగించి, 2026 డిసెంబరు 31 వరకు గడువు పెట్టింది. ఈ మార్పును గమనించకుండా గీసిన రేఖాచిత్రం ఎంత అందంగా ఉన్నా పనికిరాదు.

అసలు కష్టమంతా తర్వాతి ప్రశ్నలోనే ఉంది: ఈ రాయితీ లేకపోయినా ఎంతమంది కొని ఉండేవారు? అదే కాలంలో కేంద్రం విద్యుత్ వాహనాల కొనుగోలుకు ఫేమ్-2 అనే పథకం కింద ప్రోత్సాహకం ఇచ్చింది, 2023 జూన్‌లో దానిని తగ్గించింది, 2024 మార్చితో ముగించింది. పెట్రోలు ధర, బ్యాటరీ ధర కూడా స్థిరంగా లేవు. వీటి ప్రభావాన్ని వేరు చేయడానికి రాష్ట్ర సరిహద్దుకు ఇరువైపులా ఉన్న పొరుగు జిల్లాల పోలిక కొంత సాయపడుతుంది. జహీరాబాద్ ప్రాంతాన్ని కర్ణాటకలోని బీదర్‌తో పోల్చవచ్చు, కాకపోతే అవతలి రాష్ట్రానికి తనదైన రాయితీ ఉందేమో ముందే చూసుకోవాలి. గణాంకాల విషయంలో ఒక హెచ్చరిక: వాహన రిజిస్ట్రేషన్ల కోసం కేంద్రం నడిపే ‘వాహన్’ పట్టికల్లో తెలంగాణ లెక్కలు చాలా ఏళ్లపాటు చేరలేదు. అందుచేత రాష్ట్ర రవాణా శాఖనే అడగాలి, అవసరమైతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి.

సౌరవిద్యుత్తు చరిత్ర ఈ పనికి మంచి పాఠశాల. 2010లో మొదలైన జాతీయ సౌర మిషన్ తొలి దశలో స్ఫటిక సిలికాన్‌తో చేసిన సౌర పలకలు స్వదేశీవి కావాలన్న నిబంధన పెట్టి, పలుచని పొర (థిన్ ఫిల్మ్) అనే మరో రకం పలకలను దాని నుంచి వదిలేశారు. ఫలితంగా సౌర కేంద్రాలు నిర్మించే చాలామంది డెవలపర్లు విదేశాల నుంచి పలుచని పొర పలకలనే తెప్పించుకున్నారు. స్వదేశీ తయారీని పెంచడానికి పెట్టిన నిబంధన దిగుమతులకే దారి చూపిందన్నమాట. పైగా ఆ నిబంధనపై అమెరికా చేసిన ఫిర్యాదులో 2016లో ప్రపంచ వాణిజ్య సంస్థ తీర్పు భారత్‌కు వ్యతిరేకంగా వచ్చింది. ఇదే కాలంలో యూనిట్ ధర తొలి వేలంలోని దాదాపు 12 రూపాయల నుంచి 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లా సౌర పార్కు వేలంలో 2.44 రూపాయలకు దిగింది. అందులో పెద్ద వాటా ప్రపంచ మార్కెట్‌లో పలకలు చౌక కావడానిది. వేలం పద్ధతికి దక్కవలసిన ఘనత ఎంతో దానికి అంతే ఇవ్వాలి.

ఆవిష్కరణను కొలిచేటప్పుడు పేటెంట్ల సంఖ్యకు నేను పెద్దగా విలువ ఇవ్వను. బాలాపూర్‌లోని పదార్థాల పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐలోనో, కందిలోని ఐఐటీలోనో రూపొందిన ఒక బ్యాటరీ పదార్థానికి ఏదైనా సంస్థ లైసెన్సు తీసుకుందా, దాని మొదటి ఆర్డరు తర్వాత రెండోది వచ్చిందా అన్నవి అంతకంటే నమ్మదగిన ఆనవాళ్లు.

ఒక్క సంస్థ మునిగినంత మాత్రాన విధానం విఫలమైనట్లు కాదు. అమెరికా ఇంధన శాఖ హామీతో 53.5 కోట్ల డాలర్ల రుణం పొందిన సౌర పలకల తయారీ సంస్థ సోలిండ్రా 2011లో దివాలా తీసింది. అదే శాఖ నుంచి 46.5 కోట్ల డాలర్లు తీసుకున్న టెస్లా 2013లో, గడువుకు ముందే తీర్చేసింది. ఇచ్చిన రుణాలన్నింటినీ ఒక్క గుత్తగా చూసి లాభనష్టాలు లెక్కించాలి.

చివరగా ఖర్చు. ఖజానా వదులుకున్న రోడ్డు పన్ను కూడా ఖర్చే, అది బడ్జెట్ పద్దుల్లో కనబడకపోయినా సరే. గడువుతో ముడిపడిన మినహాయింపును మదింపు వేసేటప్పుడు, ఆఖరి నెలల్లో జనం ముందుగానే కొనేస్తారని గుర్తుంచుకుని, గడువుకు ముందు ఆరు నెలలు, తర్వాత కనీసం ఏడాది లెక్కలు కలిపి చూడాలి.